విదేశంలో ప్రైవేటు విమానానికి ఫ్యూయల్ కొట్టించి డబ్బు కట్టడం ఎలా?

"అన్నా, బౌజర్ (ఫ్యూయల్ ట్యాంకర్ లారీ) వచ్చి విమానం పక్కన నిలబడింది. మన కార్డు పోవట్లేదు. ఇప్పుడేం చేయాల?"

ఈ ఫోన్ నాకు ఏడాదిలో నాలుగైదు సార్లు వస్తుంది. ఒకసారి అమెరికాలో లైసెన్సు తీసుకుని, చిన్న సెస్నా విమానం అద్దెకు తీసుకుని బహామాస్ దీవులకు వెళ్లిన ప్రొద్దుటూరు కుర్రాడు చేశాడు. ఇంకోసారి ఒక కంపెనీ విమానంలో కో-పైలట్‌గా ఉన్న అనంతపురం అమ్మాయి చేసింది. నేను కర్నూలులో ఉండి చిన్న విమానాలకు ఫ్లైట్ ప్లానింగ్, హ్యాండ్లింగ్ (దిగిన చోట విమానానికి కావలసిన సేవలు), ఫ్యూయల్ ఏర్పాట్లు చూస్తుంటాను. అందరూ అడిగేది ఒకటే కాబట్టి మొత్తం ఒక్కచోట రాస్తున్నాను.

మన సీమకు ప్రైవేటు విమానాలు కొత్త కాదు. పుట్టపర్తి విమానాశ్రయం 1990 నుంచీ ఉంది. ఓర్వకల్లులో 2021 మార్చిలో మొదలైంది, కడప సరేసరి. కానీ ఈ మూడు చోట్లా కస్టమ్స్, ఇమిగ్రేషన్ లేవు. విదేశానికి పోవాలంటే ముందు బెంగళూరులోనో హైదరాబాదులోనో చెన్నైలోనో దిగి, అక్కడ ఆ పని ముగించుకోవాలి. ఆ గడప దాటాక ఫ్యూయల్ వ్యవహారమంతా మారిపోతుంది. ధర చెప్పే కొలత మారుతుంది, పన్ను మారుతుంది, డబ్బు తీసుకునే తీరు మారుతుంది.

తాడిపత్రి నుంచి గ్రానైట్ లోడు ఉత్తరాదికి పంపే లారీ ఓనరును చూడండి. డ్రైవరుకు డీజిల్ కార్డు ఇస్తాడు, చేతిఖర్చు ఇస్తాడు, ఏ బంకులో కొట్టించాలో చెప్పి మరీ పంపుతాడు. దారిలో చూసుకుందాంలే అనడు. విమానానికీ అదే పద్ధతి. డబ్బు ఎలా కట్టాలన్నది ఇంటి దగ్గరే తేలిపోవాలి.

దగ్గర ఉంచుకోవలసినవి

- రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్, ఇన్సూరెన్సు కాపీలు. ప్రింటు తీసినవి, ఫోన్లోనూ ఒక సెట్.
- బిల్లు ఎవరి పేరు మీద రావాలో ఆ పేరు, చిరునామా ఒక కాగితం మీద.
- రెండు వేర్వేరు బ్యాంకుల క్రెడిట్ కార్డులు. వీలైతే ఒకటి వీసా, ఒకటి మాస్టర్‌కార్డ్.
- కాంట్రాక్ట్ ఫ్యూయల్ ఖాతా ఉంటే ఆ వివరాలు, ప్రతి ఆగే చోటికీ ఒక రిలీజ్ లెటర్ (ఈ రెండూ ఏమిటో కింద 4, 6 అంకెల దగ్గర చెబుతాను).
- కొంత డాలర్ క్యాష్.
- హ్యాండ్లింగ్ ఏజెంటు నంబరు, ఫ్యూయల్ వాళ్ల 24 గంటల నంబరు, బ్యాంకు వాళ్ల విదేశీ నంబరు.
- చిన్న నోట్‌బుక్, పెన్ను. తడి చేతులతో ఎండలో ఫోన్ స్క్రీన్ మీద లెక్కలు వేయడం కష్టం.

1. మీది ప్రైవేటు ఫ్లైటా, కమర్షియలా? ముందు ఇది తేల్చండి

చాలా దేశాల్లో ఫ్యూయల్ మీద పన్ను దీన్ని బట్టే ఉంటుంది. యూరోపియన్ యూనియన్‌లో 2003 నాటి ఇంధన పన్ను ఆదేశం ప్రకారం విమాన ఇంధనానికి మినహాయింపు ఉంది, కానీ సొంత విహారానికి ఎగిరే విమానాలకు అది వర్తించదు. ఎయిర్ ఆపరేటర్ సర్టిఫికెట్ ఉన్న చార్టర్ కంపెనీకి చెప్పిన ధర, సొంత విమానంలో వెళ్లే మీకు చెప్పే ధర ఒకటి కాకపోవచ్చు. కంపెనీ విమానంలో కంపెనీ మనుషులే వెళ్తుంటే ఏ లెక్కలోకి వస్తుందో దేశాన్ని బట్టి ఉంటుంది. కోట్ (ఎంత అవుతుందో ముందే చెప్పే ధర) అడిగే మొదటి మెయిల్లోనే "ఇది ప్రైవేటు ఫ్లైట్, పన్నులన్నీ కలిపి చెప్పండి" అని రాయండి. అలా రాయకపోతే విమానం తిరిగొచ్చిన రెండు మూడు నెలలకు పన్ను తేడా బిల్లు విడిగా వస్తుంది. అప్పుడు వాదించడానికి మీ చేతిలో ఏమీ ఉండదు.

2. దిగే చోట మీ ఫ్యూయల్ ఉందో లేదో చూడండి

ప్రతి దేశం ఏఐపీ అనే సమాచార గ్రంథం విడుదల చేస్తుంది. అందులో ఒక్కో విమానాశ్రయం కింద ఏడీ 2.4 అనే భాగం ఉంటుంది. అక్కడ దొరికే ఫ్యూయల్ రకాలు, నింపే ఏర్పాట్లు అందులో రాసి ఉంటాయి. అది చదివాక నోటమ్‌లు (పైలట్లకు ఇచ్చే తాజా నోటీసులు) చూడండి, ఫ్యూయల్ లేదనే నోటీసు ఏదైనా ఉంటే అక్కడ కనబడుతుంది. ఆ తర్వాత కూడా మెయిల్ పెట్టి అడగండి. పుస్తకంలో ఉన్నది ఆ రోజు ట్యాంకులో ఉండాలని లేదు.

జెట్ ఏ-1 (కిరోసిన్ లాంటి జెట్ ఇంధనం) వాడే విమానాలకు పెద్దగా టెన్షన్ ఉండదు. ఏవ్‌గ్యాస్ 100 ఎల్ఎల్ (విమాన పెట్రోలు) వాడే పిస్టన్ విమానాలకే అసలు కష్టం. మన దేశమే చాలాకాలం దాన్ని దిగుమతి చేసుకుంది. ఇండియన్ ఆయిల్ వడోదర రిఫైనరీలో తయారైన ఏవ్‌గ్యాస్ 2022లోనే బయటికొచ్చింది. ఆసియాలో చాలా పెద్ద విమానాశ్రయాల్లోనూ అది దొరకదు. బహామాస్‌లో కూడా ప్రతి దీవిలోనూ ఉండదు. దొరికే చోటును బట్టే మీ రూటు గీసుకోండి.

3. కోట్ తీసుకునేటప్పుడు మొత్తం ధర అడగండి

ఎక్కువమంది డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే కాబట్టి కాస్త నెమ్మదిగా చదవండి.

లీటరు ధరో గ్యాలన్ ధరో ఒక్కటే చూసి ఎంచుకోకండి. దాని వెనక వచ్చేవి చాలా ఉంటాయి. బౌజర్ తెచ్చి నింపినందుకు ఇన్-టు-ప్లేన్ చార్జీ, పైపు తగిలించినందుకు హుకప్ చార్జీ, పనివేళలు దాటితే కాల్-అవుట్ చార్జీ, విమానాశ్రయం వాటా, కార్డుతో కడితే సర్‌చార్జీ. కొన్నిచోట్ల కనీసం ఇంత కొట్టించాలనే షరతు కూడా ఉంటుంది.

ఊరికే లెక్క కోసం అంకెలు వేసుకుందాం. ఒకాయన గ్యాలన్ 4.90 డాలర్లు అన్నాడు, చార్జీలు వేరే. ఇంకొకాయన 5.20 అన్నాడు, అన్నీ కలిపి. మీకు 400 గ్యాలన్లు కావాలి. మొదటాయన దగ్గర ఫ్యూయల్‌కు 1,960 డాలర్లు, చార్జీలు 180 అనుకుంటే మొత్తం 2,140. రెండో ఆయన దగ్గర 2,080. చవక అనుకున్నదే 60 డాలర్లు ఎక్కువైంది. కొట్టించేది తక్కువైన కొద్దీ ఈ తేడా ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే చార్జీల్లో చాలావరకు ఎంత కొట్టించినా అంతే ఉంటాయి.

రెండోది కొలత. అమెరికా గ్యాలన్ అంటే 3.785 లీటర్లు. బ్రిటిష్ గ్యాలన్ అంటే 4.546 లీటర్లు. కెనడాలో లీటర్లలో అమ్ముతారు. లీటరు 1.45 డాలర్లు అంటే వినడానికి బాగుంటుంది, కానీ గ్యాలన్‌కు దాదాపు 5.49 అయింది. అన్ని కోట్‌లనూ ఒకే కొలతలోకి, ఒకే కరెన్సీలోకి మార్చి పక్కపక్కన రాసుకున్నాకే పోల్చండి.

నేపాల్‌లో విమాన ఇంధనం నేపాల్ ఆయిల్ కార్పొరేషన్ అమ్ముతుంది, శ్రీలంకలో సిలోన్ పెట్రోలియం కార్పొరేషన్ ఇస్తుంది. ఇలా ప్రభుత్వ సంస్థ చేతిలో ఉన్నచోట బేరానికి పెద్దగా వీలుండదు. అక్కడ ధర కంటే, డబ్బు ఏ రూపంలో తీసుకుంటారన్నదే ముఖ్యమైన ప్రశ్న.

అవతల ధర మరీ ఎక్కువైతే ఇవతలే ఎక్కువ నింపుకుని వెళ్లడం ఒక దారి. ట్యాంకుల్లో ఉండి, అలాగే తిరిగి వెళ్లిపోయే ఫ్యూయల్ మీద కస్టమ్స్ సుంకం వేయకూడదని 1944 నాటి షికాగో ఒప్పందం 24వ ఆర్టికల్ చెబుతోంది. అయితే దిగేటప్పటి బరువు పరిమితి, పొట్టి రన్‌వే ఈ రెండూ చూసుకున్నాకే ఆ ఆలోచన చేయండి. డబ్బు మిగులుతుందని బరువు లెక్కలో రాజీ పడవద్దు.

4. కట్టే దారి ఎంచుకోండి

నా సలహా వరస ఇది.

జెట్ విమానమైతే కాంట్రాక్ట్ ఫ్యూయల్ మొదటి ఎంపిక. వరల్డ్ ఫ్యూయల్, ఏవ్‌ఫ్యూయల్ లాంటి సంస్థల్లో ముందే ఖాతా తెరిస్తే, అక్కడి సరఫరాదారుకు వాళ్లే చెబుతారు, బిల్లు మీకు తర్వాత వస్తుంది. ఖాతా తెరవడానికి కాగితాలు, క్రెడిట్ పరిశీలన ఉంటాయి కాబట్టి కనీసం నెల ముందు మొదలుపెట్టండి.

ఆయిల్ కంపెనీల సొంత కార్డులు రెండో దారి. యూరప్‌లో, ముఖ్యంగా ఫ్రాన్స్‌లో, మనిషి లేని ఆటోమేటిక్ పంపులుండే చిన్న ఎయిర్‌ఫీల్డులు చాలా ఉన్నాయి. వాటిలో కొన్ని బ్యాంకు కార్డు తీసుకోవు, ఎయిర్ బీపీదో టోటల్‌దో కార్డు ఉంటేనే పంపు తెరుచుకుంటుంది. అలాంటి చోటికి ఆదివారం సాయంత్రం ఖాళీ ట్యాంకుతో చేరి ఇబ్బంది పడినవాళ్లను నేను ఎరుగుదును.

మూడోది మామూలు క్రెడిట్ కార్డు. చిన్న విమానాలకు చాలా చోట్ల ఇది సరిపోతుంది. నాలుగోది హ్యాండ్లింగ్ ఏజెంటు చేత కట్టించి, తర్వాత అతనికి ఇవ్వడం. సుఖమైన దారే, కానీ కట్టినందుకు శాతం లెక్కన ఫీజు తీసుకుంటాడు. ఎంత శాతమో ముందే రాయించుకోండి. క్యాష్ చివరి దారి.

అమెరికాలో విమానం అద్దెకు తీసుకునే మన పిల్లలకు ఒక మాట. మీ అద్దె ఫ్యూయల్‌తో కలిపి అయితే, బయట కొట్టించినదానికి మీరు కట్టి రసీదు తెస్తే, విమానం అద్దెకిచ్చిన క్లబ్బు వాళ్లు వెనక్కి ఇస్తారు. కానీ చాలామంది తమ ఊరి ధర వరకే ఇస్తారు. దీవిలో అయిన పైతేడా మీదే. ఆ షరతు చదివి బయల్దేరండి.

5. బ్యాంకు పని ముగించండి

మన దేశంలో ఇచ్చే కొత్త కార్డులు దేశంలోపలి వాడకానికే తెరిచి ఉంటాయి. విదేశీ వాడకాన్ని మీరే యాప్‌లోనో నెట్‌బ్యాంకింగ్‌లోనో ఆన్ చేసుకోవాలి. 2020లో రిజర్వు బ్యాంకు పెట్టిన నిబంధన ఇది. ఆన్ చేశాక లిమిట్ కూడా చూడండి. కార్డు మొత్తం లిమిట్ పది లక్షలున్నా, విదేశీ వాడకానికి రోజువారీ లిమిట్ విడిగా తక్కువ పెట్టి ఉండొచ్చు. నాకు వచ్చే ఫోన్లలో సగం ఈ ఒక్క మీట దగ్గరే ఆగి ఉంటాయి.

క్యాష్ విషయానికొస్తే, వ్యక్తిగత ప్రయాణాలకు విదేశీ నోట్లు మామూలుగా ఒక్కో ప్రయాణానికి 3,000 డాలర్ల వరకే ఇస్తారు, మిగతాది కార్డు రూపంలో. కంపెనీ పని మీద వెళ్తుంటే మీ అకౌంట్స్ వాళ్లను, బ్యాంకును కలిపి కూర్చోబెట్టి మాట్లాడండి. నోట్లు కొత్తవి, చిరుగు, మడత, గీత లేనివి అడిగి తీసుకోండి. 2013కు ముందు నాటి వంద డాలర్ల నోట్లను కొన్ని దేశాల్లో తీసుకోరు.

6. రిలీజ్ లెటర్‌ను అక్షరం అక్షరం చదవండి

కాంట్రాక్ట్ ఫ్యూయల్ తీసుకునేవాళ్లకు ఇది ప్రాణం. "ఫలానా విమానానికి, ఫలానా తేదీల్లో, ఫలానా చోట ఫ్యూయల్ ఇవ్వండి, డబ్బు మా పూచీ" అని చెప్పే కాగితం ఇది. బౌజర్ డ్రైవరుకు మీరెవరో తెలియదు. తోక మీది అక్షరాలు, కాగితం మీది అక్షరాలు సరిపోతేనే పైపు విప్పుతాడు.

ఒకసారి నేను ఒక ఏజెంటుకు రిజిస్ట్రేషన్ ఫోన్లో చెప్పాను. నేను 'ఎం' అన్నది అవతల 'ఎన్' అని రాసుకున్నారు. రిలీజ్ అలాగే వచ్చింది, నా కంటికీ ఆనలేదు. అక్కడ పైలట్లు రెండు గంటలకు పైగా ఎండలో ఆప్రాన్ (విమానాలు నిలిపే చోటు) మీద నిలబడ్డారు. డిపార్చర్ స్లాట్ (బయల్దేరడానికి ఇచ్చిన సమయం) పోయింది. సవరించిన కాగితం వచ్చేసరికి ఫ్యూయల్ వాళ్ల షిఫ్టు మారి, పనివేళలు దాటిన చార్జీ కూడా పడింది. ఆ రోజు నుంచి రిజిస్ట్రేషన్ నోటితో చెప్పను, టైపు చేసి పంపుతాను. చెప్పక తప్పకపోతే 'ఎం'కు మైక్, 'ఎన్'కు నవంబర్ అని పూర్తి మాటల్లోనే చెబుతాను.

చూడవలసినవి: రిజిస్ట్రేషన్, ఆపరేటర్ పేరు, విమానాశ్రయం కోడ్, అక్కడ ఫ్యూయల్ ఇచ్చే సంస్థ పేరు, ఫ్యూయల్ రకం, ఎంత, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు.

ఆ చివరిదాంట్లో ఒక చిక్కుంది. తేదీలు సాధారణంగా యూటీసీ (ప్రపంచమంతటికీ ఒకే ప్రామాణిక సమయం) లెక్కలో ఉంటాయి. మన గడియారం దానికంటే అయిదున్నర గంటలు ముందు. సింగపూర్ ఎనిమిది గంటలు ముందు. మీ రిలీజ్ 12వ తేదీ యూటీసీ సున్నా గంటల నుంచి చెల్లుతుందనుకోండి. సింగపూర్‌లో 12వ తేదీ ఉదయం ఆరింటికి ఫ్యూయల్ అడిగితే, యూటీసీ ప్రకారం ఇంకా 11వ తేదీ రాత్రి పదే. కాగితం ఇంకా మొదలే కాలేదు. కాబట్టి ముందూ వెనకా ఒక్కో రోజు కలిపి అడగండి. ప్రయాణం వాయిదా పడితే రిలీజ్ కూడా మార్చమని అదే నిమిషంలో మెయిల్ పెట్టండి.

7. నింపేటప్పుడు విమానం పక్కనే నిలబడండి

హోటల్ కారు వచ్చిందని వెళ్లిపోవద్దు. ముందు ఫ్యూయల్ రకం చూడండి. ఏవ్‌గ్యాస్‌కు ఎర్ర లేబుల్, జెట్‌కు నల్ల లేబుల్. 100 ఎల్ఎల్ లేత నీలంగా ఉంటుంది, జెట్ ఏ-1 నీళ్లలానో లేత గడ్డి రంగులోనో ఉంటుంది. చిన్న విమానాలకు జెట్ నింపే నాజిల్ మూతి బాతు ముక్కులా వెడల్పుగా, ఏవ్‌గ్యాస్‌ది సన్నగా గుండ్రంగా ఉండటం మామూలు. ఏవ్‌గ్యాస్‌తో నడిచే పిస్టన్ ఇంజన్లో జెట్ ఫ్యూయల్ పడితే నేల మీద బాగానే తిరిగి, గాల్లోకి లేచాక ఆగిపోవచ్చు. డయమండ్ డీఏ-42 లాంటి వాటిలో చాలావరకు పిస్టన్ ఇంజనైనా జెట్ ఏ-1 తోనే నడుస్తాయి, అందుకే బౌజర్ మనిషి కూడా తికమక పడొచ్చు. కావలసినదేమిటో కాగితం మీద రాసి అతని చేతికివ్వండి.

మీటర్ సున్నా దగ్గరుందా, లేకపోతే ఏ అంకె దగ్గరుంది అన్నది పైపు తగిలించకముందే ఫోటో తీయండి. అయిపోయాక ఇంకో ఫోటో.

8. ఫ్యూయల్ టికెట్ (ఎంత నింపారో రాసిచ్చే చీటీ) మీద సంతకం పెట్టే ముందు లెక్క సరిచూడండి

ఈ లెక్క ఒక్క నిమిషం పని. ఉదాహరణకు మీటర్ మొదట 45,210, చివర 46,790. అంటే 1,580 లీటర్లు. టికెట్ మీద సాంద్రత 0.79, అంటే లీటరుకు 0.79 కిలోలు, అని ఉంది. గుణిస్తే దాదాపు 1,248 కిలోలు. ఇప్పుడు కాక్‌పిట్ గేజ్ చూడండి. ముందు 620 కిలోలు ఉండి, ఇప్పుడు 1,860 చూపిస్తే పెరిగింది 1,240. ఎనిమిది కిలోల తేడా గేజ్‌ది, పర్వాలేదు. వంద కిలోల తేడా వస్తే సంతకం పెట్టకండి. కొలత తప్పు రాసినా, ఇంకో విమానానికి కొట్టినది మీ మీద వేసినా ఇక్కడే బయటపడుతుంది.

జెట్ ఏ-1 సాంద్రత 15 డిగ్రీల దగ్గర 0.775 నుంచి 0.840 వరకు ఉండొచ్చు. కాబట్టి ఇంట్లో అలవాటైన అంకె వాడకుండా, ఆ రోజు టికెట్ మీదున్నదే వాడండి. కొలత పొరపాటు డబ్బుతో పోదు. 1983 జూలై 23న ఎయిర్ కెనడా బోయింగ్ 767లో లీటర్లను బరువులోకి మార్చేటప్పుడు కిలోలకు 0.8 వాడవలసిన చోట పౌండ్లకు వాడే 1.77 వేశారు. సగానికి తక్కువ ఫ్యూయల్‌తో బయల్దేరింది. దారి మధ్యలో రెండు ఇంజన్లూ ఆగి, గిమ్లి అనే చోట పాత వైమానిక స్థావరం మీద దిగింది. అందరూ బతికారు. బిల్లులో కొలత అడగడానికి మొహమాటపడే ప్రతి పైలట్‌కూ నేను ఈ సంగతి చెబుతాను.

టికెట్ మీద రిజిస్ట్రేషన్, తేదీ, రకం, పరిమాణం, కొలత పేరు అయిదూ స్పష్టంగా ఉండాలి. కార్బన్ కాపీ అయితే అక్కడే ఫోటో తీసుకోండి, ఎండకు నెలలో మాసిపోతుంది.

9. డబ్బు కట్టేటప్పుడు

కార్డు మిషను "రూపాయల్లో కడతారా, ఇక్కడి కరెన్సీలో కడతారా" అని అడుగుతుంది. అక్కడి కరెన్సీయే నొక్కండి. రూపాయలు నొక్కితే మారకం రేటు ఆ మిషను వాళ్లే వేసుకుంటారు, అది దాదాపు ఎప్పుడూ మనకు నష్టమే. మీ బ్యాంకు వేసే విదేశీ మారకపు చార్జీ ఎలాగూ ఉంటుంది, రెండోది నెత్తినెత్తుకోవద్దు.

సెల్ఫ్-సర్వ్ పంపుల్లో ముందుగా పెద్ద మొత్తం బ్లాక్ చేసి, తర్వాత అసలు మొత్తం మాత్రమే తీసుకుంటారు. ఆ బ్లాక్ తొలగడానికి రోజులు పట్టొచ్చు. వరుసగా మూడు చోట్ల కొట్టిస్తే డబ్బున్నా లిమిట్ అయిపోతుంది. రెండు కార్డులు ఉండాలన్నది అందుకే.

క్యాష్ ఇస్తే రసీదు మీద "నగదు అందింది" అని రాయించి, స్టాంపు వేయించుకోండి. రసీదు లేని క్యాష్ మీ అకౌంట్స్ వాళ్ల దృష్టిలో ఖర్చే కాదు.

10. ఇంటికొచ్చాక

ఫ్యూయల్ టికెట్, కోట్ మెయిల్, చివరి బిల్లు మూడూ పక్కపక్కన పెట్టండి. లీటర్లు సరిపోయాయా, ధర కోట్‌లో చెప్పినదేనా, కోట్‌లో లేని చార్జీ ఏదైనా చేరిందా చూడండి. హ్యాండ్లర్ బిల్లులోనూ, ఫ్యూయల్ బిల్లులోనూ ఒకే చార్జీ రెండుసార్లు పడటం నేను చాలాసార్లు పట్టుకున్నాను, ముఖ్యంగా కాల్-అవుట్ చార్జీ. తేడా ఉంటే ఫోన్లో గొడవపడకుండా, టికెట్ ఫోటో జతచేసి మెయిల్ పెట్టండి. బిల్లు వచ్చిన వారంలోపు అడిగితే సాధారణంగా సరిచేస్తారు.

ఇన్ని చేసినా బౌజర్ ముందు కార్డు పోకపోతే?

పైపు తగిలించనివ్వకండి. ట్యాంకులో పడిన ఫ్యూయల్‌ను వెనక్కి తీయడం మహా తంటా, డబ్బు కట్టేదాకా విమానం కదలనివ్వరు. ముందు రెండో కార్డు. అదీ పోకపోతే యాప్ తెరిచి విదేశీ వాడకం, రోజు లిమిట్ చూడండి. ఇంటర్నెట్ లేకపోతే హ్యాండ్లర్ ఆఫీసు వైఫై అడగండి. ఓటీపీ రావాలంటే మీ భారతీయ సిమ్‌కు రోమింగ్ ఉండాలి, ఈ సంగతి అప్పుడు గుర్తొచ్చి లాభం లేదు. ఆ తర్వాత హ్యాండ్లర్‌ను కట్టమని అడగండి, ఫీజు ముందే ఒప్పుకోండి. అన్నీ మూసుకుపోతే చేతిలో ఉన్న క్యాష్‌కు సరిపడా, తర్వాతి మంచి విమానాశ్రయానికి రిజర్వుతో (అవసరానికి మిగలవలసిన ఫ్యూయల్‌తో) సహా చేరేంత కొట్టించండి. అంతకు తగ్గితే ఆ రోజు ఎగరకండి.

ప్రొద్దుటూరు కుర్రాడికి ఆ రోజు రెండో కార్డు పర్సులోనే ఉంది, వాళ్ల నాన్న బలవంతాన పెట్టించినది. అది పనిచేసింది. రసీదు ఫోటో నాకు పంపాడు, రిజిస్ట్రేషన్, గ్యాలన్లు, తేదీ అన్నీ సరిగ్గా ఉన్నాయి.